మెటికలు పలకని సాయంత్రం

కుర్చీలోంచి లేచేటప్పుడు అక్క ఒకసారి గట్టిగా దగ్గేది. జలుబు ఉన్నా లేకపోయినా, ఎండాకాలమైనా వానాకాలమైనా, లేవాలంటే దగ్గాల్సిందే. రేడియో స్టేషన్లో నాటకాల విభాగానికి ఆవిడే పెద్ద. రోజుకు నలభైసార్లు లేవాల్సిన ఉద్యోగం. నలభైసార్లూ దగ్గేది. పాపం ఆవిడ ఊపిరితిత్తులు బాగాలేవని స్టేషన్లో అందరూ జాలిపడేవారు. పాత రికార్డులు చూసుకునే ఆవిడైతే నెలకో దగ్గుమందు తెచ్చి బల్లమీద పెట్టేది. అక్క ఆ సీసాలను మూతైనా తీయకుండా సొరుగులో తోసేసి, "చాలా గుణమిచ్చిందమ్మా" అని చెప్పేది.

ఊపిరితిత్తులు దివ్యంగా ఉన్నాయి. తేడా అంతా కుడి మోకాలిది. లేచినప్పుడల్లా అది టక్కుమనేది. మామూలుగా కాదు, పక్కగదిలో ఎవరో గడియ తీశారేమో అనిపించేంత గట్టిగా. నొప్పి లేదు, వాపు లేదు, మెట్లెక్కడానికి ఇబ్బంది లేదు. ఉన్నదల్లా చప్పుడే. ఆ చప్పుడు లోకంలో ఎవరి చెవినపడినా ఆవిడ పట్టించుకునేది కాదు. తమ్ముడి చెవిన మాత్రం పడకూడదు. పడిందా, యాభై ఏళ్లుగా కూడబెట్టుకున్న పెద్దరికం ఒక్క టక్కుతో మట్టిలో కలిసిపోతుంది.

అది అర్థం కావాలంటే తమ్ముడి మెటికల సంగతి చెప్పుకోవాలి. ఆవిడకు పదేళ్లు, వాడికి ఆరేళ్లు ఉన్నప్పుడు వాడు మెటికలు విరవడం నేర్చాడు. ఎవరు నేర్పారో తెలియదు. పాడు పనులకు గురువు అక్కర్లేదు కదా. పొద్దున లేచి విరిచేవాడు, పుస్తకం తీసి విరిచేవాడు, ఏమీ తోచకపోయినా విరిచేవాడు. "అలా విరిస్తే కీళ్లు అరిగిపోతాయిరా, ముసలాడివయ్యాక చెంచా కూడా పట్టుకోలేవు" అని అక్క చెప్పింది. ఆ మాట ఆవిడకు ఎవరు చెప్పారో గుర్తులేదు కానీ, చెప్పగా చెప్పగా అది ఆవిడ సొంత మాటే అయిపోయింది. అమ్మా నాన్నా పనులకు వెళ్తే ఇంట్లో ప్రభుత్వం అక్కదే. మెటికకో గుంజీ చొప్పున శిక్ష వేసింది. వాడు పది మెటికలు విరిచి, పది గుంజీలు తీసి, ఆయాసం తీరాక మళ్లీ విరుచుకునేవాడు. వాడికి తలనొప్పి వచ్చినా మెటికల వల్లే, పరీక్ష తప్పినా మెటికల వల్లే. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం.

తీరా చూస్తే ఆ మెటికలే వాడికి అన్నం పెట్టాయి. అదే స్టేషన్లో, అక్క విభాగంలోనే, వాడు నాటకాలకు చప్పుళ్లు చేసేవాడయ్యాడు. వాడి బల్లమీద కంకర పోసిన పళ్లెం ఉంటుంది, అది నడక. రేకు ముక్క ఉంటుంది, అది ఉరుము. గడియా గొళ్లెమూ ఉన్న బొమ్మ తలుపు ఉంటుంది. తడిగుడ్డా బకెట్టూ, బల్ల కింద ఎండుపుల్లల కట్టా ఉంటాయి. ఇక నాటకంలో ఎవరి ఎముకైనా విరగాలంటే బల్లమీద వెతకక్కర్లేదు, వాడి చేతులున్నాయి. నాటకం ఉన్న రోజు మధ్యాహ్నం నుంచి వాడు వేళ్లను కదిలించేవాడే కాదు. అరచేతులు మోకాళ్లమీద పరుచుకుని, గోళ్లరంగు ఆరబెట్టుకుంటున్న పెళ్లికూతురిలా కూర్చునేవాడు. ఎందుకంటే ఒక్కో వేలికీ ఒక్కటే తూటా. ఒకసారి పేల్చాక చాలాసేపు మళ్లీ పేలదు. ముప్పై ఏళ్ల అనుభవం మీద వాడికి తెలిసిన సూక్ష్మం అది.

అక్క అప్పటికీ వదల్లేదు. ఇంట్లో అక్కగా తిట్టేది, ఆఫీసులో అధికారిగా తిట్టేది. అలా తిడుతూ తిడుతూ నలభై ఏడో ఏట ఒకరోజు కుర్చీలోంచి లేచింది. మోకాలు టక్కుమంది. జన్మలో ఒక్క మెటిక విరిచి ఎరగని మనిషి! ఆ రోజే దగ్గు మొదలైంది. దాని వెంటే ఆవిడ కుర్చీ కూడా కిర్రుకిర్రుమనడం మొదలుపెట్టింది. బాగుచేయమని తమ్ముడికి చెబితే స్క్రూడ్రైవరు పట్టుకుని కుర్చీ కిందికి దూరేవాడు. అరగంట తర్వాత చెమట తుడుచుకుంటూ లేచేవాడు. మర్నాటికి ఇంకాస్త ఎక్కువ కిర్రుమనేది. "లోకంలో చప్పుళ్లన్నీ చేతనవును కానీ ఒక్క చప్పుడు ఆపడం చేతకాదు నీకు" అని అక్క విసుక్కునేది. వాడు నవ్వి ఊరుకునేవాడు.

ఇలా పదేళ్లు గడిచాక స్టేషన్‌కు కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఏదైనా మీట నొక్కితే అయిపోయే పని చేత్తో ఎందుకు చేస్తున్నారో అర్థంకాని మనిషి, అంతే. చప్పుళ్ల పెట్టె ఒకటి బజారులోకి వచ్చిందనీ, అందులో ఉరుములే ఇరవై రకాలున్నాయనీ, దాన్ని తెప్పిస్తే మనిషి అక్కర్లేదనీ అక్కకు చెప్పాడు.

"మా వాడు ముప్పై ఏళ్లుగా చేస్తున్నాడండీ" అంది అక్క.

"అందుకే అడుగుతున్నాను మేడం. శుక్రవారం సాయంత్రం మీ నాటకం నేను దగ్గరుండి వింటాను. ఆ పెట్టె చేయలేని పని ఆయన చేస్తే ఆయన ఉంటారు. లేకపోతే పాత రికార్డుల గదికి పంపిద్దాం."

పాత రికార్డుల గది అంటే చప్పుడు చేయకూడదని గోడమీద రాసి, పెదవుల మీద వేలు పెట్టుకున్న బొమ్మ కూడా తగిలించిన గది. ఆ మాట చెప్పినప్పుడు తమ్ముడి ముఖం ఎలా చిన్నబోయిందో అక్క చూసింది. రాత్రింబవళ్లు కూర్చుని వాడికి సరిపోయే నాటకం వెతికింది. ఒక వస్తాదు కథ దొరికింది. తప్పుడు తూకాలతో జనాన్ని ముంచే వ్యాపారి చెయ్యి పట్టుకుని వస్తాదు నిజం చెప్పమంటాడు. అబద్ధానికో వేలు చొప్పున విరుస్తాడు. ఐదు అబద్ధాలు, ఐదు వేళ్లు. అంతా ప్రత్యక్ష ప్రసారం.

"ఇంతకంటే ఏం కావాలక్కా! ఐదు అడిగావు, నా దగ్గర పదున్నాయి" అన్నాడు తమ్ముడు.

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ అక్కది ఊరుకునే రకం కాదు. వారం కిందట తమ్ముడి చేతిలోంచి టీ కప్పు జారి పగిలింది. ఎవరి చేతిలోంచైనా జారుతుంది. అక్క మాత్రం రెండు రోజులు నిద్రపోలేదు. వాడి కీళ్లు నిజంగానే అరిగిపోతున్నాయని ఆవిడ భయం. ఉద్యోగం నిలిచి చేతులు పోతే ఏం లాభం? తన మాట వాడు ఎలాగూ వినడు. వాడు వినేది రేడియో ఒక్కటే కాబట్టి రేడియోలోనే చెప్పించాలనుకుంది. శుక్రవారం ఆరు గంటలకు ఆరోగ్య కార్యక్రమం చేసే అమ్మాయి సెలవు పెడితే, ఎగిరి గంతేసి తను చేస్తానంది. నగరంలో పేరున్న ఎముకల డాక్టరును పిలిచింది. ఆయనకు వీలున్నది ఆ శుక్రవారమే. ఉన్నది ఒకటే స్టూడియో, కాబట్టి ఆ టైముకు తమ్ముడు తన బల్ల సర్దుకుంటూ అక్కడే ఉంటాడు. తప్పించుకోలేడు.

శుక్రవారం వచ్చింది. ఆరు కొట్టగానే ఎర్రలైటు వెలిగింది. గాజు అద్దానికి అవతలి గదిలో మేనేజరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడు అరచేతులు మోకాళ్లమీద పరుచుకుని మూలనున్న స్టూలుమీద కూర్చున్నాడు. అక్క గొంతు సవరించుకుని, మందు కలిపిన తేనెలాంటి స్వరంతో మొదలుపెట్టింది.

"డాక్టరు గారూ, కొందరికి అస్తమానం మెటికలు విరిచే దురలవాటు ఉంటుంది. దానివల్ల కీళ్లకు జరిగే నష్టం గురించి మన శ్రోతలకు చెప్పండి."

డాక్టరు పొట్టిగా, గుండ్రంగా, పండగలాంటి ముఖంతో ఉన్నాడు. "నష్టమేం లేదండీ" అన్నాడు.

అక్క కళ్లజోడు సర్దుకుంది. "అంటే, వెంటనే కనిపించే నష్టం లేదంటారు."

"వెంటనే కాదు, ఆ తర్వాత కూడా లేదు. కీలు చుట్టూ ఒక సంచి, అందులో కాస్త జిగురు నీళ్లు ఉంటాయి. వేలు లాగితే లోపల చోటు పెరిగి, ఆ నీళ్లలో కరిగి ఉన్న గాలి బుడగ కడుతుంది. ఆ గడబిడలో వచ్చేదే చప్పుడు. బుడగ కట్టేటప్పుడు వస్తుందా, చిట్లేటప్పుడు వస్తుందా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఎముక అరగడం వల్ల మాత్రం కాదు. విరిచేవాళ్లనూ విరవనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. విరిచేవాళ్లకు కీళ్లవాతం ఎక్కువని తేలలేదు."

మూలనుంచి తమ్ముడు అక్కవైపు చూశాడు.

"మరి ఏళ్ల తరబడి, రోజుకు పదేసిసార్లు విరిచేవాళ్లు?" అక్క వదల్లేదు. "ఇక్కడే ఉన్నాడు మా చప్పుళ్లాయన. యాభై ఏళ్లుగా విరుస్తున్నాడు. ఒక్కసారి ఆ చేతులు చూసి నిజం చెప్పండి."

చూసి చెప్పమంది కానీ, పట్టుకోమనలేదు. డాక్టరు మాత్రం ఉత్సాహంగా లేచాడు. వైరు లాగి మైకు పట్టుకుని తమ్ముడి దగ్గరికే వెళ్లాడు. చెయ్యి అందుకుని, "ఆహా, వాపు లేదు, వంకర లేదు, పట్టు ఇనుములా ఉంది. శ్రోతలారా, వినండి" అని చిటికెన వేలు లాగాడు. టప్! ఉంగరం వేలు, టప్! తమ్ముడు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. అరిస్తే ఊరంతా వింటుంది, చెయ్యి లాక్కుంటే కార్యక్రమం పాడవుతుంది. కళ్లతోనే అక్కను బతిమాలాడు. అక్క రెండు చేతులూ ఊపింది. డాక్టరు దాన్ని మెచ్చుకోలనుకుని రెండో చెయ్యి కూడా పట్టుకున్నాడు. బొటనవేళ్లతో సహా పదీ అయిపోయాయి.

"ఇంకో విశేషం" అన్నాడు డాక్టరు, వచ్చి కూర్చుంటూ. "ఇప్పుడు మళ్లీ లాగితే పలకవు. ఆ గాలి మళ్లీ నీళ్లలో కరగాలి. దానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది."

అక్క గోడ గడియారం చూసింది. ఆరూ తొమ్మిది. నాటకం ఆరూ పదికి. వేళ్లు విరిగే ఘట్టం ఎనిమిదో నిమిషంలో. ఎలా లెక్క వేసినా పది నిమిషాలు కూడా లేవు. తమ్ముడికి గొయ్యి తవ్వబోతే వాడు మొలలోతు, తను నిలువులోతు దిగింది.

ఆ గాభరాలో కూడా నోరు ఊరుకోలేదు. "మరి మెటికల్లా కాకుండా, ఉదాహరణకు ఎవరికైనా మోకాలు... లేచిన ప్రతిసారీ చప్పుడైతే?"

"ప్రతిసారీ అయితే అది బుడగ కాదులెండి. పట్టీలాంటి నరం ఎముక గుబ్బమీద నుంచి పక్కకు జారుతూ ఉండొచ్చు, లేదా మోకాలిచిప్ప లోపలివైపు కాస్త గరుకెక్కి ఉండొచ్చు. నొప్పి, వాపు, కాలు పట్టేయడం ఉంటే తప్పక చూపించుకోవాలి. లేకపోతే హాయిగా తిరగొచ్చు. ఎవరికండీ, మీకేనా?"

"అబ్బే, శ్రోత ఒకరు ఉత్తరం రాశారు" అంది అక్క. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడమంటే అదే.

పాట పెట్టారు. మైకులు ఆగిన ఆ ఒక్క నిమిషంలో డాక్టరు గాజుగదిలోకి వెళ్లాడు. నాటకం వేసేవాళ్లిద్దరూ లోపలికి వచ్చారు. వస్తాదు గొంతు బక్కపల్చటి లెక్కల మాస్టారిది. వ్యాపారి గొంతు, ఒకప్పుడు వార్తలు చదివి రిటైరైన పెద్దాయనది.

"ఎండుపుల్లల కట్ట ఏదక్కా? వాటితోనే ఏదో చేస్తాను" అన్నాడు తమ్ముడు బల్లకింద తడుముకుంటూ.

"పొద్దున పారేయించాను."

"పారేయించావా!"

"మేనేజరు వస్తాడు, బల్ల శుభ్రంగా ఉండాలని..."

ఎర్రలైటు వెలిగింది. ఇక ఆ గది తలుపు తీయడానికి లేదు. తీస్తే దాని మూలుగు ఊళ్లో అన్ని రేడియోల్లోనూ వినిపిస్తుంది.

నాటకం మొదలైంది. తమ్ముడు కంకరమీద వస్తాదును నడిపించాడు. బొమ్మ తలుపుతో అంగడి తెరిపించాడు. అద్భుతంగా చేశాడు. అద్దం అవతల మేనేజరు ముందుకు వంగి వినడం అక్క చూసింది. కానీ చప్పుడుకూ చప్పుడుకూ మధ్య వాడు రహస్యంగా ఒక్కో వేలూ లాగి చూసుకుంటున్నాడు. చిటికెన వేలు పలకలేదు. బొటనవేలు పలకలేదు. ఆరూ పద్నాలుగు. ఆరూ పదహారు. అక్క కాగితాలు పట్టుకుని నిలబడే ఉంది కానీ ఒక్క అక్షరం కనిపించడం లేదు. వాడు రేపు పాత రికార్డుల గదిలో, పెదవుల మీద వేలు పెట్టుకున్న బొమ్మకింద కూర్చుని ఉండటమే కనిపిస్తోంది. పంపించింది మేనేజరు కాదు, తనే. యాభై ఏళ్లపాటు అరిగిపోతాయని తిట్టి, చివరకు వాడి వేళ్లను వాడికి పనికిరాకుండా చేసింది తనే. ఆవిడకు ఏడుపు వచ్చింది.

"చెయ్యి ఇలా ఇవ్వు శెట్టీ!" బక్క మాస్టారు గర్జించాడు. "అబద్ధానికో వేలు. మొదటిది, నీ తూకంరాళ్లు సరైనవేనా?"

"సరైనవే బాబూ, నా బిడ్డల మీద ఒట్టు!"

ఇక్కడ మొదటి వేలు విరగాలి. తమ్ముడు నడిమి వేలు లాగాడు. ఏమీ లేదు. చూపుడు వేలు లాగాడు. ఏమీ లేదు. రేడియోలో ఒక్క సెకను నిశ్శబ్దం కూడా చాలా పొడుగు. వార్తల పెద్దాయన అనుభవంకొద్దీ "అమ్మా... అమ్మా..." అంటూ మూలుగుతూ కాలం సాగదీశాడు.

అప్పుడు తమ్ముడు అక్కవైపు చూశాడు. చూస్తూనే బల్లమీది మైకు కొక్కెం వదులు చేశాడు. దాన్ని కిందికి, ఇంకా కిందికి దించి, చప్పుడు కాకుండా ఆవిడ వైపు తిప్పాడు. మైకు వచ్చి సరిగ్గా ఆవిడ కుడి మోకాలి ముందు ఆగింది. ఎడమది కాదు, కుడిది.

అక్క మైకునూ తమ్ముడినీ మార్చి మార్చి చూసింది. వీడికి తెలుసు! దొంగ వెధవకు తెలుసు! ఏ మోకాలో కూడా తెలుసు! పదేళ్లుగా తను దగ్గుతుంటే విని, వీడు...

వీడి సంగతి తర్వాత చూడొచ్చు. అద్దం అవతల మేనేజరు ఉన్నాడు, డాక్టరు ఉన్నాడు. ఎదురుగా మాస్టారూ పెద్దాయనా ఉన్నారు. ఈ క్షణం దాటితే పెద్దరికం మిగులుతుంది, తమ్ముడు మిగలడు. అక్క కాగితాలు బల్లమీద పెట్టి, బల్ల అంచు పట్టుకుంది. పూర్తిగా కిందికి కూర్చుని, లేచింది.

టక్!

"అబ్బా!" అన్నాడు వార్తల పెద్దాయన. అది సగం నటన, సగం నిజం.

"రెండోది! నూనెలో ఏం కలిపావు?"

"ఏమీ కలపలేదు స్వామీ!"

అక్క కూర్చుని లేచింది. టక్! మోకాలు ఎంత బాగా పలికిందంటే, లెక్కల మాస్టారు తన చేతిలో ఉన్న పెద్దాయన వేళ్లను కంగారుగా చూసి పట్టు వదులు చేశాడు. మూడో అబద్ధానికి మూడో గుంజీ. అద్దం అవతలి వాళ్లకు బల్ల వెనక ఆవిడ తల ఒక్కటే మునిగి తేలుతూ కనిపిస్తోంది. మేనేజరు లేచి నిలబడ్డాడు. డాక్టరు సంతోషంగా అద్దానికి ముఖం ఆనించాడు. నాలుగో గుంజీకి అక్క రొప్పడం మొదలుపెట్టింది. ఆ రొప్పు మైకులో పడి, నిజం బయటపడుతున్న దొంగ రొప్పులా అతికినట్టు సరిపోయింది. ఐదో టక్కుతో వ్యాపారి బావురుమని అన్నీ ఒప్పుకున్నాడు. అక్క సగంలేచి ఒక్కక్షణం ఊగి, ఇక ఓపిక లేక బల్లచాటున అక్కడే గొంతుక్కూర్చుండిపోయింది.

వస్తాదు చెయ్యి వదిలేశాడు. వ్యాపారి కన్నీళ్లు తుడుచుకున్నాడు. ఇక ముగింపు సంగీతం రావాలి. అది రావాలంటే అక్క చెయ్యెత్తి గాజుగదికి సైగ చేయాలి. బల్లచాటునుంచి చేస్తే కనిపించదు. గత్యంతరం లేక లేచింది.

టక్!

విరగాల్సిన వేళ్లన్నీ విరిగిపోయాయి. పట్టుకున్న చెయ్యి కూడా లేదు. కాగితంలో ఈ చప్పుడుకు మాట లేదు. వార్తల పెద్దాయన తెల్లబోయి, "వదిలేశావు కదయ్యా, మళ్లీ ఇదేమిటి?" అన్నాడు.

బక్క మాస్టారు అక్కవైపు చూశాడు. మనిషి లెక్కలు చెప్పేవాడే కానీ మనసున్నవాడు. వస్తాదు గొంతుతో మెల్లగా అన్నాడు: "అది నాదిలే శెట్టీ. నేనూ ఒక అబద్ధం దాచుకున్నాను."

సంగీతం వచ్చింది. ఎర్రలైటు ఆరిపోయింది.

అందరికంటే ముందు డాక్టరు లోపలికి దూసుకొచ్చాడు. "ఉత్తరం రాసిన ఆ శ్రోతకు మోకాలు చాలా బాగుందని చెప్పండి మేడం" అన్నాడు. వెనకే మేనేజరు వచ్చాడు. చేతిలో చప్పుళ్ల పెట్టె గురించిన కాగితాలున్నాయి. వాటిని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"ఆ పెట్టెలో ఎముకలు విరిగే చప్పుళ్లు పన్నెండున్నాయి మేడం. పదమూడోది దొరికే దాకా మీ తమ్ముడు ఇక్కడే ఉంటారు" అని, కాస్త ఆలోచించి, "మీకు నేనేమైనా చేయగలనా?" అని అడిగాడు.

ఆవిడ ఒగరుస్తూ ఏమీ అక్కర్లేదంది. కానీ ఆయన మంచితనంతో చెడగొట్టే రకం. ఆవిడ మొహం కడుక్కుని తన గదికి వెళ్లేసరికి పాత కుర్చీ మాయమైంది. దాని స్థానంలో మేనేజరు గదిలోంచి వచ్చిన మెత్తటి కొత్త కుర్చీ ఉంది. కూర్చుంటే ఉలుకూ పలుకూ లేదు. పదేళ్ల పీడ విరగడైందనుకుని అక్క వెనక్కి వాలింది.

తమ్ముడు తలుపు దగ్గర నిలబడి కొత్త కుర్చీ చూశాడు. వాడి ముఖం వాడిపోయింది.

"పాతది ఏదక్కా?"

"తీసుకెళ్లారు. నువ్వు పదేళ్లు తంటాలు పడ్డా ఆగని కిర్రు ఇవాళ్టితో ఆగింది. ముందు ఇటు రా. నా మోకాలి సంగతి నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి రోజునుంచి."

"మరి ఒక్క మాటైనా అనలేదేంరా?"

"ఏమనమంటావు? ఆరేళ్లప్పటినుంచి నాచేత గుంజీలు తీయించిన మనిషివి. ఆ రోజు నీ మోకాలు పలికితే, నువ్వు నా ముఖంలోకి చూసిన చూపు నాకింకా గుర్తుంది. దొంగతనం చేసినదానిలా చూశావు." తమ్ముడు కొత్త కుర్చీ చెయ్యిని నిమిరాడు. "నీ దగ్గు చాలదక్కా. దగ్గుకూ టక్కుకూ మధ్య నువ్వెప్పుడూ కాస్త ఆలస్యం చేస్తావు. గుమ్మం దాకా వినిపించేది. అందుకే మర్నాడు స్క్రూ వదులు చేశాను. నువ్వు బాగుచేయమన్నప్పుడల్లా ఇంకాస్త వదులు చేస్తూ వచ్చాను. సరిగ్గా నువ్వు లేచేటప్పుడే, ఆ మోకాలు పలికే క్షణంలోనే కిర్రుమనేలా కుదర్చడానికి నాకు మూడు నెలలు పట్టింది. అంత మంచి చప్పుడు నా జన్మలో మళ్లీ చేయలేదు. తీసుకుపోయి అవతల పారేశారు."

చేతకానివాడివని అక్క వాణ్ని ఆ కుర్చీ మీద కూర్చునే తిట్టింది, పదేళ్లు. సొరుగు తీసి, దగ్గుమందు సీసాలను కాసేపు అటూ ఇటూ జరిపి, మళ్లీ మూసింది. కళ్లు తుడుచుకోవడానికి అది సరిపోయింది.

బయట వరండాలో అందరూ టీ కోసం పిలుస్తున్నారు. మేనేజరు, డాక్టరు, వస్తాదు, వ్యాపారి. ఇంకా పాత రికార్డుల ఆవిడ కూడా, చేతిలో కొత్త సీసాతో. అందరికీ తెలిసిపోయిందని అక్కకు తెలుసు. అయినా పెద్దరికం పెద్దరికమే. ఆవిడ రెండు చేతులూ కొత్త కుర్చీ మీద ఆనించి, గోడ గడియారం చూసింది.

"ఇరవై నిమిషాలు అయిందా?"

"ముప్పై అయింది."

"అయితే గట్టిగా విరువు. నేను లేస్తున్నాను."